పక్క బడి ఏటీఎల్ నుంచి రోబోటిక్స్ కిట్ అడిగి తెచ్చుకోవచ్చా? తెచ్చుకున్నవాళ్లు చెప్పండి

జడ్పీ ఫిజిక్స్ టీచర్ (ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది మండల కేంద్రానికి దూరంగా ఉన్న జడ్పీ హైస్కూలు. మాకు అటల్ టింకరింగ్ ల్యాబ్ (ఏటీఎల్, పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసి చూసే ప్రయోగశాల) మంజూరు కాలేదు, పక్క ఊరి బడికి వచ్చింది. ఆ మధ్య స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) మీటింగ్‌కి వెళ్లినప్పుడు చూశాను. ఆర్డుయినో బోర్డులు (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న కంప్యూటర్ల వంటివి), సెన్సర్లు, చిన్న మోటర్లు, చక్రాలు అన్నీ బీరువాలో వరసగా ఉన్నాయి. వాళ్ల పిల్లలు వారంలో ఒకటి రెండు పీరియడ్లు వాడుతున్నారు, మిగతా రోజులు ఖాళీయే.

తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం మొదలుపెట్టాలి. ప్రతిధ్వని, సోనార్ (ధ్వనిని పంపి నీటి లోతు కొలవడం) అంటూ బోర్డు మీద ఓడ బొమ్మ వేసి బాణం గుర్తులు గీసి చెప్పడం ఏళ్ల తరబడి చేస్తున్నదే. ఈసారి అల్ట్రాసోనిక్ సెన్సర్ (మనకు వినపడని ధ్వనితో దూరం కొలిచేది) పిల్లల చేతికిచ్చి వాళ్లతోనే దూరం కొలిపించాలని ఉంది. ఆ సామాను మాకు కొన్నాళ్లు ఇవ్వమని అడగొచ్చా? అడిగితే ఏ కాగితం పెట్టాలి? ఏదైనా పోతే ఎవరు కట్టాలి? మా బడిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) ఉంది. కంప్యూటర్లు పాతవి, విండోస్ 7. నెట్ మీద ఆధారపడలేం. అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

ఏటీఎల్ ఇన్‌ఛార్జి (గుంటూరు జిల్లా)

మేడమ్, తప్పకుండా అడగొచ్చు. ఈ ఏటీఎల్ పథకం 2016లో నీతి ఆయోగ్ వారి అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద మొదలైంది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. మొత్తం గ్రాంటు 20 లక్షలు, అందులో 10 లక్షలు ల్యాబ్ పెట్టుకోవడానికి, మిగతా 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. చుట్టుపక్కల బడుల పిల్లలకు కూడా ఆ ల్యాబ్ పనికిరావాలన్నది మొదటి నుంచీ దాని ఉద్దేశాల్లో ఉంది. కాబట్టి మీరు దానం అడుగుతున్నట్టు మొహమాటపడక్కర్లేదు.

అసలు చిక్కు స్టాక్ రిజిస్టర్ దగ్గర వస్తుంది. ఇది సామాను ఇచ్చేవాళ్ల వైపు నుంచి చెబుతున్నాను, వినండి. ల్యాబ్‌లో ప్రతి వస్తువూ మా హెచ్‌ఎం గారి సంతకంతో రిజిస్టర్‌లో ఎక్కి ఉంటుంది. ఆడిట్‌కి వచ్చినవాళ్లు 20 సెన్సర్లు రాసి ఉంటే 20 చూపించమంటారు. 17 ఉంటే ఆ మూడు ఏమయ్యాయో రాతపూర్వకంగా చెప్పాలి. ఈ భయం వల్లే చాలాచోట్ల సామాను బీరువా దాటదు. ఇవ్వడం ఇష్టం లేక కాదు.

మా దగ్గర దీన్ని రెండు భాగాలు చేశాం. బోర్డులు, మోటర్ డ్రైవర్లు (మోటర్లను నడిపే సర్క్యూట్లు), సెన్సర్లు శాశ్వత సామాను కింద. జంపర్ వైర్లు, ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, బ్యాటరీలు ఖర్చయ్యే సామాను కింద. మొదటి రకం లెక్కపెట్టి ఇస్తాం, లెక్కపెట్టి తీసుకుంటాం. రెండో రకం తిరిగి అడగం. తీసుకున్న బడి తమ గ్రాంటులోంచి అన్ని కొత్తవి కొనిస్తే చాలు. ఎల్‌ఈడీ కాలిపోయిందని పిల్లాణ్ణి నిలదీసే పద్ధతి ఉంటే ఆ కిట్ పట్టుకెళ్లి లాభం లేదు.

కాగితం సంగతి: మీ హెచ్‌ఎం గారి నుంచి వాళ్ల హెచ్‌ఎం గారికి ఒక లేఖ. ఏ పాఠానికి, ఏ తరగతికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరు బాధ్యులు అన్నది రాయండి. కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి. వాళ్లు ఇష్యూ రిజిస్టర్‌లో రాసుకుని మీ సంతకం తీసుకుంటారు. శాశ్వత సామాను పాడైతే ఏం చేయాలో ఆ లేఖలోనే ముందే రాసుకుంటే తర్వాత మాటలు పెరగవు.

పాలమూరు సైన్స్ సార్

మా దిక్కు అయితే ల్యాబ్ ఉన్న బడి సారు ట్రాన్స్‌ఫర్ అయి పోయిండు. కొత్తగా వచ్చిన సారుకు శిక్షణ లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకునుడే పెద్ద పనైంది. అడిగితే ఇస్తమనే అన్నరు గానీ, ఏది దేనికి పనికొస్తదో చెప్పేటోళ్లు లేరు. పెట్టె తెచ్చుకున్నంక దాన్ని ముందర పెట్టుకొని కూసున్నం.

నేను చెప్పేది ఒక్కటే. పెట్టె ఒక్కటే అడగొద్దు, దానితో పాటు మనిషిని అడగండి. ఒక్క పూట వచ్చి టీచరుకు చూపిస్తే సాలు. మనిషి రాకుంటే, ల్యాబ్ వాడిన ఇద్దరు పదో తరగతి పిల్లలను పంపమనండి. మా దగ్గర ఆఖరికి పని నడిపింది వాళ్లే. వాళ్లల్ల ఒక అమ్మాయి మా పిల్లలకు బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండ తీగలు గుచ్చి కలిపే పలక) చూపించుకుంట, "అడ్డం వరసలో ఈ ఐదు రంధ్రాలు లోపల ఒక్కటే తీగ, నడుమ గాడి దాటితే వేరే తీగ" అని చెప్తే, నేను పాఠం లెక్క చెప్పినదాని కన్నా జల్ది ఎక్కింది.

కొనుక్కుంటే నయం (విజయనగరం)

అందరూ తెచ్చుకోవడం గురించే మాట్లాడుతున్నారు. నేను వేరేగా ఆలోచిస్తాను. ఆర్డుయినో ఊనో నమూనా బోర్డులు (అసలుదాన్ని పోలి వేరేవాళ్లు చేసినవి) ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ వంద లోపే. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీకి ఎవరైనా వెళ్తే ఒక సంచిలో తరగతికి సరిపడా తెచ్చేస్తారు. బడి ఖర్చులకు వచ్చే సమగ్ర శిక్షా కాంపోజిట్ గ్రాంటు 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50 వేలు. అందులో నాలుగు వేలు దీనికి పెట్టలేమా? ఇంకొకరి రిజిస్టర్, ఇంకొకరి సంతకం, ఇంకొకరి తాళం... ఇదంతా ఎందుకు? మన సామాను మన దగ్గర ఉంటే పాఠం వచ్చినప్పుడు తీస్తాం.

జడ్పీ ఫిజిక్స్ టీచర్ (ప్రకాశం జిల్లా)

సార్, ఆ గ్రాంటులోంచే కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, మరమ్మతులు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ నడవాలి. పైగా అది ఒక్కసారిగా చేతికి రాదు. అయినా మీరన్నది తీసిపారేసేది కాదు. అయితే ఏది కొనాలో తెలియాలంటే ముందు ఒకసారి వాడి చూడాలి కదండీ. నాకు తెలియకుండా హెచ్‌ఎం గారిని డబ్బు ఎలా అడగను?

విశ్రాంత మాస్టారు (తెనాలి)

అమ్మా, మీ ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చినప్పుడు ప్రాథమిక పాఠశాలలకు సైన్స్ కిట్లు ఇచ్చారు. భూతద్దం, అయస్కాంతం, గాజు సామాను అన్నీ ఉన్న మంచి పెట్టె. అనేక బడుల్లో దానికి తాళం పడింది. "పగిలితే మన జీతంలో కోస్తారు" అన్న మాట ఆ రోజుల్లో ఎంతమంది నోట విన్నానో! పిల్లలు చదువు ముగించి వెళ్లిపోయారు, పెట్టె కొత్తగానే ఉండిపోయింది.

అదే కాలంలో మధ్యప్రదేశ్‌లో ఇంకో పద్ధతి నడిచింది. 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో సైన్స్ బోధన కార్యక్రమం మొదలై 2002 దాకా సాగింది. అక్కడ ప్రయోగం చేసేది పిల్లలే, నలుగురేసి గుంపులుగా. కిట్‌లో ఖర్చయ్యేవి, పగిలేవి ఉంటాయని, వాటిని ఏటా తిరిగి నింపాలని మొదటే ఒప్పుకుని దాని ప్రకారం ఏర్పాటు చేసుకున్నారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబుతో ఆకారాలు కట్టించే అరవింద్ గుప్తా గారి పని కూడా ఆ వాతావరణంలోంచే వచ్చింది.

కనుక గుంటూరు మిత్రుడు చెప్పిన రెండు భాగాల పద్ధతిని నేను గట్టిగా సమర్థిస్తాను. పగిలే హక్కు లేని సామానుతో సైన్స్ చెప్పలేం. ఈ మాట అధికారులకు మనమే రాతపూర్వకంగా పంపాలి. నోటిమాటగా మీటింగుల్లో అనుకుంటే గాలికి పోతుంది.

డాలస్ తెలుగు టీచర్

నేను ఇక్కడ ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూల్లో పనిచేస్తాను, పుట్టింది నెల్లూరులో. ఇక్కడ చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీలే పుస్తకం ఇచ్చినట్టు ఈ కిట్లు ఇస్తాయి. ముందుగా పేరు రాయించుకుంటే మన వంతు రాగానే కబురు వస్తుంది. బ్రిటన్‌లో కూడా అంతే. 2016లో బీబీసీ అక్కడ సుమారు 10 లక్షల మైక్రోబిట్ అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులను పదకొండు పన్నెండేళ్ల పిల్లలకు ఉచితంగా ఇచ్చింది, తర్వాత లైబ్రరీలు కూడా వాటిని ఇంటికివ్వడం మొదలుపెట్టాయి.

నా కంటపడి బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి చెబుతాను. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా. మూత లోపలి వైపు ఒక పెద్ద ఫొటో అంటించి ఉంటుంది, సామానంతా సర్దాక ఎలా కనిపించాలో ఆ ఫొటో. ప్రతి వస్తువు పక్కన సంఖ్య. అడుగున స్పాంజి షీటులో ఒక్కో వస్తువు ఆకారానికి సరిపడే గుంటలు కోసి ఉంటాయి. బెల్లు కొట్టే ముందు పిల్లలే సర్దుతారు. గుంట ఖాళీగా కనిపిస్తే డబ్బా మూయరు, బల్ల కింద వెతికి తెస్తారు. టీచర్ లెక్కపెట్టే పనే ఉండదు. ఇది మన దగ్గర చేయడానికి ఖర్చేమీ కాదు. టీవీలు, ఫ్రిజ్‌లు వచ్చే అట్టపెట్టెల్లోని తెల్ల షీటు చాలు.

ఇంకో విషయం, ఇక్కడ కిట్ వారం రోజులకే ఇస్తే టీచర్లు తీసుకోవడానికి ఇష్టపడరు. మొదటి రెండు రోజులు డ్రైవర్లు (బోర్డును కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్), కేబుళ్లకే పోతాయి. కనీసం మూడు వారాలు అడగండి.

పాలమూరు సైన్స్ సార్

మేడమ్, అట్టపెట్టె షీటు ముచ్చట మస్తుంది. రేపే చేయిస్త.

బీటెక్ మెంటర్ (కాకినాడ)

ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను, ఒక ఏటీఎల్‌కి మెంటర్‌గా వెళ్తుంటాను. సాంకేతికంగా ఎక్కడ ఆగిపోతారో చెబుతాను టీచర్ గారూ.

ముందుగా మీ పాఠానికి కావలసింది చాలా తక్కువ. గుంపుకి ఒక ఊనో బోర్డు, ఒక హెచ్‌సీ-ఎస్‌ఆర్04, నాలుగు జంపర్ వైర్లు, ఒక యూఎస్‌బీ కేబుల్ (ప్రింటర్‌కు వాడేదే పనిచేస్తుంది). మోటర్లు, చక్రాలు ఈసారి తేవద్దు. రోబో కారు చూడగానే పిల్లలు దాని వెంట పడతారు, ధ్వని పాఠం అక్కడే ఆగిపోతుంది.

ఆ సెన్సర్‌కి రెండు కళ్లుంటాయి. ఒకటి 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని పంపుతుంది, మనకు వినపడదు. రెండోది తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుంది. 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా పనిచేస్తుందని తయారీదార్లు చెబుతారు, తరగతిలో రెండు మూడు మీటర్ల దాకా నమ్మొచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే ప్రోగ్రాములు దూరాన్ని నేరుగా సెంటీమీటర్లలో చూపిస్తాయి. మీరు అవి వాడకండి. తెర మీద మైక్రోసెకన్లు మాత్రమే వచ్చేలా ప్రోగ్రామ్ పెట్టండి. స్కేలుతో కొలిచి 50 సెంటీమీటర్ల దగ్గర అట్ట నిలబెడితే సుమారు 2,900 అని వస్తుంది. ధ్వని వెళ్లి రావాలి కాబట్టి ప్రయాణించింది 100 సెంటీమీటర్లు. అక్కడి నుంచి ధ్వని వేగం పిల్లలే లెక్కకట్టాలి. సెకనుకు 340 మీటర్ల పైచిలుకు వస్తుంది. పుస్తకంలో ఉన్న అంకె తమ నోట్‌బుక్‌లో తేలినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

వేసవిలో చేస్తే ఇంకా బాగుంటుంది. గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీలుంటే ధ్వని వేగం 343, 40 డిగ్రీలుంటే సుమారు 355. కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద కొలిస్తే అదే 50 సెంటీమీటర్లకు 2,820 దగ్గర వస్తుంది. 343తో గుణించి సగం చేస్తే దూరం 48 చిల్లర చూపిస్తుంది, స్కేలేమో 50 అంటుంది. తేడా ఎందుకొచ్చిందని వాళ్లనే అడగండి. తర్వాత అట్ట బదులు దుప్పటి మడత పెట్టి చూపించండి. అంకెలు చిందరవందర అవుతాయి, మెత్తని గుడ్డ ధ్వనిని పీల్చుకుంటుంది కాబట్టి. సినిమా హాలు గోడలకు అలాంటి తొడుగు ఎందుకో అప్పుడు విడిగా చెప్పక్కర్లేదు.

కొనుక్కుంటే నయం (విజయనగరం)

తమ్ముడూ, ఇది బాగా చెప్పావు. మీ ఐఎఫ్‌పీ ఖాళీగా పెట్టకండి మేడమ్. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐతో దానికి కలిపి, ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో సీరియల్ ప్లాటర్ తెరవండి. అంకెల బదులు గీత పాకుతుంది. సెన్సర్‌ను టేబుల్ మీద పెట్టి, ఒక పిల్లవాడిని ఛాతీకి అట్ట పట్టుకుని మెల్లగా వెనక్కి నడవమనండి. గీత పైకి లేస్తుంది. ఆగితే అడ్డంగా పోతుంది. దగ్గరికొస్తే దిగుతుంది. పరుగున వెనక్కెళితే దాదాపు నిటారుగా లేస్తుంది. ఇదే దూరం-కాలం గ్రాఫు, చలనం పాఠంలో మనం నానా తంటాలు పడి చెప్పేది. నేను ఇది చేసినప్పుడు గ్రాఫు ముందు గీసి "దీనిలా నడువు" అని ఒక్కొక్కర్నీ పిలిచాను. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు తెరవని పిల్ల లేచి వచ్చి సరిగ్గా నడిచి చూపించింది. ఆ ఒక్క సెన్సర్ రెండు పాఠాలకు పనికొచ్చింది.

ప్రైమరీ టీచరమ్మ (వరంగల్)

మాది ఐదో తరగతి దాకా. మాకేమైనా ఉన్నదా, లేక ఇవన్నీ హైస్కూలు పిల్లలకేనా?

డాలస్ తెలుగు టీచర్

మేడమ్, చిన్నపిల్లలకు మేం బీ-బాట్ వాడతాం. తేనెటీగ ఆకారంలో చిన్న బొమ్మ, వీపు మీద బాణం గుర్తుల బటన్లు. ఒక్కో నొక్కుకు 15 సెంటీమీటర్లు ముందుకో వెనక్కో వెళ్తుంది, లేదా ఉన్నచోటే పక్కకు తిరుగుతుంది. కంప్యూటర్ అక్కర్లేదు. అది మీ దగ్గర దొరక్కపోతే బొమ్మ లేకుండానే మొదలుపెట్టండి. వరండాలో సుద్దతో గళ్లు గీసి, ఒకరు రోబో, ఒకరు చీటీ మీద ఆజ్ఞలు రాసేవాళ్లు. చీటీలో రాసినట్టే నడవాలి, సొంత తెలివి వాడకూడదు. ఎక్కడ తప్పిందో వెతికి చీటీ దిద్దుకోవాలి. అసలు నేర్పాల్సింది అదే.

మేకీ మేకీ కూడా అడిగి చూడండి. కంప్యూటర్ కీబోర్డుకు బదులు వస్తువులతో తీగ కలిపే చిన్న బోర్డు అది. అరటిపండు, తడి బంకమట్టి, దొండకాయ ఏదైనా బటన్ అవుతుంది. ఎర్త్ తీగ ఒక పిల్ల పట్టుకుని, అందరూ చేతులు కలిపి వరసగా నిలబడి, చివరివాడు పండు ముట్టుకుంటే పియానో మోగుతుంది. మధ్యలో ఎవరైనా చేయి వదిలితే ఆగుతుంది. వలయం తెగితే విద్యుత్తు ప్రవహించదని వాళ్లే అరిచి చెబుతారు.

ఏటీఎల్ ఇన్‌ఛార్జి (గుంటూరు జిల్లా)

ప్రైమరీకి ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని కిట్లలో గుండీ బ్యాటరీలు ఉంటాయి. మింగితే ప్రాణం మీదికి వస్తుంది. స్క్రూతో బిగించే మూత లేనివైతే తీసేసి ఇవ్వండి. సోల్డరింగ్ ఐరన్, లిథియం సెల్స్ కిట్‌తో పాటు మేం బయటికి పంపం, ల్యాబ్‌లోనే వాడిస్తాం.

ఎస్‌ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ) సభ్యుడు, తండ్రి (కర్నూలు)

టీచర్లు మాట్లాడుకునే చోట మధ్యలోకి వచ్చినందుకు ఏమనుకోవద్దండి. మా పాప ఎనిమిదో తరగతి. వాళ్ల బడికి బయట నుంచి ఒక వ్యాను వచ్చి రోబో చూపించి వెళ్లారు. ఇంటికొచ్చి చాలా సంబరంగా చెప్పింది. "నువ్వేం చేశావమ్మా" అంటే "మేం వెనక నిలబడ్డాం, అబ్బాయిలు బటన్ నొక్కారు" అంది. దయచేసి గుంపులు వేసేటప్పుడు ఆడపిల్లలు రాసుకునేవాళ్లుగా, మగపిల్లలు తీగలు కలిపేవాళ్లుగా కాకుండా చూడండి. కిట్ తేవడానికి ఆటో ఖర్చు, బ్యాటరీల ఖర్చు మేం తల్లిదండ్రులం పెట్టుకుంటాం. మమ్మల్ని అడగడానికి సంకోచించొద్దు.

విశ్రాంత మాస్టారు (తెనాలి)

నాయనా, ఈ చర్చలో అందరికన్నా అవసరమైన మాట నీదే. గుంపులో పని ప్రతి పది నిమిషాలకూ మారాలి. తీగ కలిపినవారు రాయాలి, రాసినవారు కలపాలి. ఇది టీచరు గడియారం చూసి చేయించాల్సిందే, దానంతటది జరగదు.

వ్యాన్లను తీసిపారేయకండి. కుప్పంలో క్యాంపస్ ఉన్న, 1999లో మొదలైన అగస్త్య సంస్థ సంచార సైన్స్ ల్యాబులతో ఎన్నో పల్లె బడులకు మొదటిసారి ప్రయోగం అంటే ఏమిటో చూపించింది. ఆ వ్యాను వెళ్లాక మన చేతిలో ఏం మిగిలింది అన్నది మనం చూసుకోవాలి. అందుకే సామాను కొన్నాళ్లు బడిలోనే ఉండాలంటున్నాను.

పాలమూరు సైన్స్ సార్

కేరళ ముచ్చట గూడ చెప్పాలె. వాళ్లు 2018లో హైస్కూళ్లల్ల లిటిల్ కైట్స్ అని క్లబ్బులు పెట్టిన్రు. కిట్లు ప్రభుత్వమే ఇచ్చింది. 2025-26 నుంచి పదో తరగతి ఐసీటీ (కంప్యూటర్) పుస్తకంల రోబోటిక్స్ పిల్లలందరికీ పాఠమే అయింది. మన దగ్గర గూడ 2025 కేంద్ర బడ్జెట్‌ల ఐదేండ్లల్ల 50 వేల కొత్త ల్యాబులు ప్రభుత్వ బడులకు అన్నరు. అవి వచ్చేదాక కూసోకుండ, ఉన్న ల్యాబును స్కూల్ కాంప్లెక్స్ మొత్తానికి తిప్పుకుంటే ఇప్పుడు తొమ్మిదిల ఉన్న పిల్లలకు అందుతది. ల్యాబులు వచ్చేసరికి వీళ్లు బడి దాటిపోతరు.

జడ్పీ ఫిజిక్స్ టీచర్ (ప్రకాశం జిల్లా)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే లేఖ రాయించాను. ఆ బడి హెచ్‌ఎం గారు ఒప్పుకున్నారు. శాశ్వత సామానుకు ఇష్యూ రిజిస్టర్, ఖర్చయ్యే సామానుకు మా వైపు నుంచి కొత్తవి. మూడు వారాలు మా దగ్గర ఉంటుంది, తర్వాత కాంప్లెక్స్‌లో ఇంకో బడి అడిగింది కాబట్టి అటు నుంచి అటే వెళ్తుంది. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్ రోజున క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) గారు తన బండి మీద తెస్తానన్నారు. అక్కడ ల్యాబ్‌లో పనిచేసిన ఇద్దరు పిల్లల్ని కూడా ఒక పూట పంపుతున్నారు, వాళ్లలో ఒకరు అమ్మాయి.

ఒక్కటి మిగిలింది. ఆ పిల్లలు చెప్పారు, వాళ్ల బోర్డులు పాత కంప్యూటర్‌కు పెడితే గుర్తుపట్టదట. మావి విండోస్ 7 అని చెప్పాను కదా. నెట్ లేకుండా ఎలా?

బీటెక్ మెంటర్ (కాకినాడ)

అది ఊనో నమూనా బోర్డుల్లో మామూలే. వాటి మీద సీహెచ్340 అనే చిప్ ఉంటుంది, దానికి విడిగా డ్రైవర్ వేయాలి. మండలంలో నెట్ ఉన్నచోట పెన్‌డ్రైవ్‌లో రెండు ఎక్కించుకోండి: ఆ డ్రైవర్, ఆర్డుయినో సాఫ్ట్‌వేర్ 1.8.19. కొత్త 2 వరస సాఫ్ట్‌వేర్‌కు విండోస్ 10 కావాలి, మీ కంప్యూటర్లలో నడవదు. 1.8.19కి నెట్ అక్కర్లేదు, సీరియల్ ప్లాటర్ కూడా అందులో ఉంది.

కేబుల్ తగిలించాక డివైస్ మేనేజర్‌లో పోర్టు నంబరు కనిపిస్తుంది. ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో నంబరు వస్తుంది, అది చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించండి. కొన్ని కేబుళ్లు చూడటానికి అలాగే ఉంటాయి గానీ లోపల డేటా తీగ తెగి ఉంటుంది, బోర్డు మీద లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం కనపడదు. అలాంటివి పక్కన పెట్టేయండి. తరగతికి ముందు రోజు సాయంత్రం ప్రతి బోర్డుకూ బ్లింక్ ప్రోగ్రామ్ వేసి చూడండి, లైటు ఒక సెకను వెలిగి ఒక సెకను ఆరుతుంటే ఆ జత సిద్ధం. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే ఫొటో పెట్టండి, రాత్రి పది దాకా ఉంటాను.